నువ్వు సరిగ్గా చెప్పిన మాట

అక్టోబరు 14, మంగళవారం

బుల్లికి,

నాన్న ఆశీస్సులు. నేను క్షేమం. నువ్వూ క్షేమంగా ఉన్నావని మీ పిన్ని చెప్పింది. ఉత్తరం ఇలా మొదలుపెట్టాలని మా నాన్న నేర్పారు. ఆ తర్వాత ఏం రాయాలో నేర్పలేదు.

పంతొమ్మిది రోజులుగా నువ్వు నా ఫోను ఎత్తడం లేదు. ఎత్తకపోవడం న్యాయమే. ఇక ఆ ఇంటి గడప తొక్కనని పిన్నితో అన్నావట. ఆ మాట వెనక్కి తీసుకోమని అడగడానికే ఈ ఉత్తరం. అడిగే అర్హత నాకు ఉందో లేదో చదివాక నువ్వే తేల్చు.

ఆ రోజు జరిగింది వరుసగా రాస్తాను. నువ్వు మధ్యాహ్నం మన బస్టాండులో బస్సు దిగేసరికి బ్యాగు లేదు. ఫోను, పర్సు, ఇంటి తాళంచెవి అన్నీ అందులోనే. పార్సిల్ కౌంటరాయన ఫోను అడిగి తీసుకుని నాకు చేశావు. నాకు కనిపించింది కొత్త నంబరు. “నాన్నా, నేనే” అన్నావు. నేను మన రహస్యపు మాట చెప్పమన్నాను. చెప్పావు. నేను ఫోను పెట్టేశాను.

నువ్వు మళ్లీ నాకు చేయలేదు. పిన్నికి చేశావు. ఆవిడ వచ్చేదాకా కూర్చోవడానికి కూడా చోటు లేదు, బల్లలకు ఆకుపచ్చ రంగు వేసి తాడు కట్టారు. పిన్ని ఇంటికి తీసుకెళ్లి భోజనం పెట్టి సాయంత్రం తిరుగు బస్సు ఎక్కించింది. ఇంటికి ఐదు కిలోమీటర్ల దూరం దాకా వచ్చి నన్ను చూడకుండానే వెళ్లిపోయావు.

మర్నాడు పిన్ని వచ్చింది. చెప్పులు విప్పకముందే మొదలుపెట్టింది. లిఫ్టు గదిలోకి అడుగుపెట్టకుండానే మోటారు చప్పుడు విని ఏ బేరింగు అరిగిందో చెప్పే బావగారికి కన్నకూతురి గొంతు తెలియలేదా అని అడిగింది. ముప్పై ఏళ్లుగా నా పని లిఫ్టుల తనిఖీయే కదా. మంచినీళ్లు తెచ్చి ఇచ్చాను.

ఆ మాట సంగతి నీకు తెలిసిందే. నా వైపు నుంచి రాస్తాను. రెండేళ్ల కిందట మీ అమ్మ ఇస్త్రీ చేస్తూ ఫోనులో తను రోజూ వినే నిపుణుల సంభాషణల కార్యక్రమం వింటోంది. ఆ వేళ వచ్చినాయన గొంతు దొంగల గురించి చెప్పాడట. ఎవరి గొంతునైనా కంప్యూటరు దించేస్తుందని, ఆపదలో ఉన్నానంటూ మనవాళ్ల గొంతుతోనే ఫోను వస్తుందని. ప్రతి కుటుంబానికీ ఒక రహస్యపు మాట ఉండాలన్నాడు. ఎక్కడా రాయకూడదు. ఫోనులో పెట్టుకోకూడదు, అందరూ ఎదురెదురుగా కూర్చుని పెట్టుకోవాలి. దానికి అర్థం పర్థం ఉండకూడదు. ఇస్త్రీ అయిన వెంటనే మీ అమ్మ మనిద్దరినీ బల్ల దగ్గర కూర్చోబెట్టింది. నేను మిక్సీ విప్పి ముందేసుకున్నాను. ఆమె మాట చెప్పింది, నువ్వు నవ్వావు, నేను తలూపాను. మాట మాత్రం వినలేదు.

అంటే నువ్వు సరిగ్గా చెప్పినదాన్ని సరిపోల్చుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు. మోసమేమో అనుకున్నాను. పెట్టేశాను. కారణం ఇదే. నా అశ్రద్ధకు నువ్వు శిక్ష అనుభవించావు. క్షమించు.

ఇది జరిగాక ఆ కార్యక్రమం వినడం మొదలుపెట్టాను. అసలు ఆ గొంతు దొంగల సంభాషణ ఏదో వెతుకుదామని కూర్చున్నాను. మొత్తం రెండు వందల పన్నెండు ఉన్నాయి. ఎక్కడ ఉందో తెలియక ఒకటో దాని నుంచి వింటున్నాను. ఉదయం టిఫిను వేళ ఒకటి, సాయంత్రం రెండు, ఆదివారం మూడు నాలుగు. ఇప్పటికి యాభై ఏడయ్యాయి. అడిగే ఆవిడ బాగా అడుగుతుంది. వచ్చినవాళ్లు గుక్క తిప్పుకోకుండా చెబుతుంటే, మధ్యలో ఆపి, ఇవన్నీ మీరు ఇంట్లో చేస్తారా అంటుంది. నిద్ర డాక్టరుగారు మాత్రం నిజం ఒప్పుకున్నారు. తనకు నిద్ర పట్టదట.

నాకు తెలుసుకోవాలనిపించింది ఒకటే. మీ అమ్మ ఇదంతా ఎందుకు విన్నట్టు? బాగుపడాల్సిన అవసరం ఆమెకు ఏముంది?

ఇస్త్రీ బల్ల కింద అరలో ఆమె నోటుపుస్తకం దొరికింది. ప్రతి సంభాషణకూ రెండు మూడు వాక్యాలు. ఇవి నీకు నచ్చుతాయని రాస్తున్నాను. కోపం వస్తే పదంకెలు లెక్కపెట్టమన్న దాని కింద: “ఆయన మీద ప్రయత్నించాను. పది అయ్యేసరికి లిఫ్టు చూడ్డానికి వెళ్లిపోయారు.” పొద్దున్నే చన్నీళ్ల స్నానం దాని కింద: “చెప్పినాయనకు ముప్పై ఏళ్లు కూడా ఉండవు. యాభై దాటాక రమ్మనండి.” కాదని చెప్పడం ఎలా అన్నదాని కింద పేజీ అంతా ఖాళీ, చివర: “చెల్లికి వినిపించాలి.” పిన్నికి చూపించాను. చదివి నవ్వింది, తర్వాత ఏడ్చింది, తర్వాత పుస్తకం తనకిమ్మంది. నేను కాదన్నాను.

గొంతు దొంగల పేజీలో ఒకే వాక్యం ఉంది. “మాట పెట్టుకున్నాం, రాయకూడదట, రాయను.”

వెనక పేజీల్లో ఆ కార్యక్రమానికి పంపాలనుకున్న ప్రశ్నలు రాసుకుంది. పంపినట్టు లేదు. అందులో ఒకటి: “మావారికి దుఃఖం వస్తే స్క్రూడ్రైవరు పట్టుకుంటారు. దీన్ని మాన్పించాలా, వదిలేయాలా?” దీనికి నిపుణులు ఏమనేవారో అని ఆలోచిస్తూనే ఉన్నాను. ఆమె పోయిన ఈ ఏడు నెలల్లో మిక్సీని నాలుగుసార్లు విప్పి బిగించాను. అది బాగానే ఉంది.

బుల్లీ, కట్టుడుపళ్లు చేసే మీ ల్యాబులో పని ఎక్కువగా ఉందని పిన్ని చెప్పింది. కళ్లు జాగ్రత్త. కొత్త తాళంచెవి చేయించాను, ఈ కవరులో పెడుతున్నాను. వాడినా వాడకపోయినా నీ దగ్గర ఉండనీ.

ఇట్లు,
నాన్న

తా.క.

అక్టోబరు 15, బుధవారం

నిన్న కవరు అంటించాను. ఈ ఉదయం టిఫిను తింటూ యాభై ఎనిమిదోది విన్నాను. క్షమాపణ గురించి. వచ్చినామె మనస్తత్వ నిపుణురాలు. మనిషి తప్పు ఒప్పుకునేటప్పుడు కూడా చెప్పడానికి సులువైన తప్పును ఎంచుకుంటాడని, అసలుదాన్ని దాని వెనక దాచుకుంటాడని అంది. టిఫిను అక్కడే వదిలి కవరు చింపాను.

మాట నాకు తెలుసు. మిక్సీ ముందున్నా విన్నాను. నీ గొంతూ పోల్చుకున్నాను, “నాన్నా” అనగానే. బల్లల రంగు సంగతి పైన రాశాను చూడు. అది పిన్ని చెప్పలేదు. ఫోను పెట్టేసిన పావుగంటకు ఆ నంబరుకు తిరిగి చేశాను. ఆ అమ్మాయిని ఎవరో ఆవిడ తీసుకెళ్లిందని కౌంటరాయన చెప్పాడు. “కూతురు ఏడుస్తుంటే ఫోను పెట్టేసే నాన్నవి నువ్వేనా” అనీ అన్నాడు. బస్టాండుకు వచ్చాను. రెండు గంటలు తాడు పక్కనే నిలబడ్డాను. పిన్ని ఇంటికి రావాలని తోచింది. వచ్చి ఏం చెప్పాలో తోచలేదు.

మార్చిలో ఆసుపత్రిలో మీ అమ్మను లోపలి వార్డుకు మార్చినప్పుడు ఫోను తీసేసుకున్నారు. నేను ఒక కొత్త భవనంలో లిఫ్టు చూస్తున్నాను. తెలియని నంబరు నుంచి ఫోను. నర్సుగారిదట. మీ అమ్మ “నేనండీ, ఎప్పుడొస్తున్నారు” అంది. నాకు వేళాకోళం ఎక్కువైంది. మాట చెప్పమన్నాను. దగ్గుతూ నవ్వింది.

“ఏడో అంతస్తులో ఒంటె” అంది.

సరే, మీరు మా ఆవిడే అన్నాను. తనిఖీ ముగించుకుని గంటలో వస్తానన్నాను. గంటలోనే వెళ్లాను. అప్పటికి ఆమెకు స్పృహ లేదు. తర్వాత రాలేదు. ఆ లిఫ్టు ఇప్పటికీ బాగానే నడుస్తోంది.

ఇది నీకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు కొత్త నంబరు చూడగానే మాట చెప్పమని నోట్లోంచి అదే వచ్చేసింది. నువ్వు చెప్పావు. ఆమె చెప్పినట్టే, ఒంటె దగ్గర కొంచెం ఆగి చెప్పావు. అది మీ అమ్మ ఫోనే అనిపించింది. నీకు నేను కావలసిన నిమిషంలో ఫోను పెట్టేశాను. నా తప్పు ఇది.

మాటను కాగితం మీద రాసేశాను. నియమం ప్రకారం ఇక అది చెల్లదు. కొత్తది పెట్టుకోవాలి. ఫోనులో పెట్టుకోకూడదు. ఎదురెదురుగా కూర్చోవాలి.

ఈసారి బల్ల మీద మిక్సీ ఉండదు.