నీ అరకిలో సుత్తి

నాన్నా,

నువ్వు పోయి నీ ఉద్యోగం నాకొచ్చాక రైలింజన్ల షెడ్డులో తొలి విశ్వకర్మ పూజ నిన్న జరిగింది. పనిముట్లకి బొట్లు పెట్టి ఆ రోజుకి సెలవిచ్చాం. కొబ్బరికాయ కొట్టే వేళకి, నీ దగ్గర పని నేర్చుకున్న సింహాచలం బాబాయి వాటిలోంచి నీ అరకిలో డెడ్‌బ్లో సుత్తి తీశాడు. లోపల ఇనుప గుళ్లుండి, దెబ్బ పడ్డాక వెనక్కి ఎగరని ఆ సుత్తిని నువ్వు గట్టి దెబ్బకి పగిలిపోయే బేరింగ్ కవర్లకి తప్ప వాడేవాడివి కాదు.

"రెండు కిలోలదైతే కాయ నుజ్జైపోద్ది. పనికి తగ్గ బరువు ఎంచుకోమని మీ నాన్నే చెప్పేవోరమ్మా," అన్నాడు.

మూడు దెబ్బలకి సుత్తి పాత తొడుగు చీలి, గుళ్లు కొబ్బరినీళ్లలో దొర్లాయి. అందరూ నవ్వారు.

"ఏటౌతాది, సుత్తే కదా," అని నా చేతిలో ప్రసాదం పెట్టాడు.

ఇవాళ బేరింగ్ కవర్ బిగించాల్సి వచ్చింది. చిన్నది లేదు కాబట్టి బాబాయి రెండు కిలోలదే ఇచ్చి మెల్లగా కొట్టమన్నాడు. ఎంత మెల్లగా కొట్టినా అంచు పగిలింది. ఇంచార్జి వచ్చి అడిగితే, ఈ పిల్లకి సుత్తి ఎంచుకోవడం వాళ్ల నాన్న నేర్పలేదని నా పక్కనే నిలబడి హిందీలో చెప్పాడు. బాబాయి అని పిలిచిన నోరు కడుక్కోవాలనిపించింది.

నిన్న ఆ చేత్తో పెట్టిన ప్రసాదం కళ్లకద్దుకుని తిన్నాను నాన్నా.