ఆకుమచ్చ డాక్టరు

1948 జూన్ 3, పలమనేరు

ప్రొఫెసర్ వరదయ్య గారి ఉత్తరం వచ్చింది. ఫెలోషిప్ నా జూనియర్ దామోదరానికి ఇచ్చినారంట. నాకు కాదు.

మార్చిలో నాకు డాక్టరేట్ వచ్చిన రోజు ఆయనే చెప్పినారు, ఇంటికి పోయి రెండు నెలలు రెస్టు తీసుకో సంతోషమ్మా, ల్యాబ్‌లో రీసెర్చి ఫెలోషిప్ పోస్టు నీదే అని. ఇప్పుడేమో ఆడపిల్లవి, రేపు పెండ్లయిపోతే పోస్టు వృథా అని కమిటీ అనుకుందంట. ఆ కమిటీకి పెద్ద ఎవరు? ఆయనే.

శెనక్కాయ ఆకుమచ్చ తెగులు మీద ఐదేండ్లు పని చేసినాను. ఎండలో చేన్లన్నీ తిరిగింది నేను. ట్యూబుల్లో ఆ తెగులు బూజు పెంచింది నేను. ఇంక రాయలేను.

జూన్ 4

నాయన, పోనీలే అమ్మణ్ణీ, చిత్తూర్లో ఆడపిల్లల స్కూల్లో టీచరు పని ఉండాదంట అన్నాడు. అరిచినాను. ఈ ఇరవై తొమ్మిదేండ్లలో నాయన మీద అరవడం ఇదే మొదలు. సంగటి ముద్ద సగంలో వదిలేసి చేను కాడికి పోయినాడు.

నేను అరవాల్సింది ఆయన మీద కాదు.

జూన్ 12

దామోదరం జాబు. నాకు రెండేండ్లు జూనియర్. అక్కా, నీ ట్యూబుల మీద లేబుళ్లు అర్థం కాలేదు, నోటుబుక్కులు పంపిస్తావా అని. మర్యాదగానే అడిగినాడు. అందుకే ఇంకా ఒళ్లు మండతా ఉండాది.

జూన్ 13

పంపను.

జూన్ 19, తిరుగు రైల్లో

ల్యాబ్‌కే పోయి అడిగేసినాను. వరదయ్య గారు కూర్చోమనలేదు. సార్, దామోదరానికి పోయినేడే పెండ్లయింది కదా, మరి ఆ పోస్టు వృథా కాదా అన్నాను.

"అతనికి సంసారం ఉందమ్మా. ఉద్యోగం అవసరం" అన్నారు.

అంటే వాడికి పెండ్లయింది కాబట్టి ఇస్తారు. నాకు పెండ్లవుతుందేమో అని ఇయ్యరు. ఈ న్యాయం యాడ నేర్చుకున్నారు సార్ అని మొహానే అడిగినాను. ఆయన చెవులు ఎర్రబడినాయి. వేరే చోట చూసుకుంటాను, సర్టిఫికెట్ ఇయ్యండి అన్నాను. రెండు నిమిషాల్లో రాసిచ్చినారు.

ఇప్పుడే చదివినాను. నడవడిక మంచిది, వినయం కలది, చేతిరాత చక్కగా ఉంటుంది. అంతే. ఆకుమచ్చ అన్న మాటే లేదు! ఐదేండ్లకు చేతిరాతా?

కాట్పాడిలో బండి మారాల. పండ్లు పటపటా కొరుకుతా కూర్చున్నాను.

జూన్ 27

బొంబాయి వైపు ఒక నూనెగింజల పరిశోధనా కేంద్రానికి మనిషి కావాలని పేపర్లో పడింది. సర్టిఫికెట్ పెట్టలేదు. థీసిస్ పెట్టినాను. పోయినేడు ఎండబెట్టిన తెగులు ఆకులు నాయనే అటక మీద నుంచి దించి, అట్టల మధ్య సర్ది, థీసిస్‌తో పాటు కట్టినాడు.

జూలై 30

ఆర్డరు వచ్చింది! ఒక్క ఏడాదికే, అయినా రీసెర్చి పోస్టే. పైన "మిస్టర్ సి. సంతోషం" అని టైపు కొట్టినారు. డిగ్రీ పట్టాలో ఉండే పేరే నేను రాసింది, మగవాడినని యాడా చెప్పలేదు. ఉత్తరం రాసి దిద్దించమన్నాడు నాయన. దిద్దిస్తే వాళ్లకీ ఒక కమిటీ ఉంటుంది నాయనా అన్నాను.

నాయన పోయి ట్రంకుపెట్టె తీసి దుమ్ము దులిపినాడు.

ఆగస్టు 9, నూనెగింజల కేంద్రంలో, ఉదయం పదిన్నర

మీ ఆయన ఎప్పుడొస్తారమ్మా అని డైరెక్టరు గారు అడిగినారు. ఆయనెవరూ లేరు, ఈ సంతోషం నేనే అన్నాను. ఆర్డరు పట్టుకుని పక్క గదిలోకి పోయినారు. ఇంకా రాలేదు.

మైక్రోస్కోపు గది తలుపు తెరిచే ఉండాది. పోయి పని మొదలు పెడతాను.