ఎర్ర గీత కిందికి

బెర్లిన్,
ఫిబ్రవరి, ఆదివారం.

చిరంజీవి ఇమ్కేకు అమ్మ దీవెనలు.

ఇక్కడ అందరం కులాసా. అందరం అంటే నేనూ, నీ ముసలి పిల్లీ. దానికి మెట్లెక్కడం కష్టమవుతోంది కానీ చేపల డబ్బా మూత తీస్తే చాలు, ఏ మూలనున్నా వచ్చి కూర్చుంటుంది. నువ్వు లిస్బన్‌లో వేళకు తింటున్నావనీ, ఆ చెమ్మగోడల గది ఖాళీ చేశావనీ తలుస్తాను. ఇక్కడ సూర్యుడి మొహం చూసి ఎన్నాళ్లయిందో. వర్క్‌షాపు పెరట్లో మంచు నల్లబడి మురికి గుట్టలా ఉంది.

నీ ఉత్తరం అందింది. చదివి సొరుగులో పెట్టాను, మళ్లీ తీశాను, మళ్లీ పెట్టాను. అడిగినవాటికి ఒక్కొక్కటిగా జవాబు చెబుతాను. కష్టమైనవి చివర్న చెబుతాను, విసుక్కోకు.

హోల్గర్ ఎలా ఉన్నాడని అడిగావు. మా వర్క్‌షాపు యజమాని కదా, కులాసాగానే ఉంటాడు. ఈ చలికాలం గడ్డం పెంచాడు. పెదాలు కనపడవు. "అడవి మనిషిలా ఉన్నావు, తీసెయ్యి" అని రోజూ పోరుతున్నాను. ఈ ముసలమ్మకి నా గడ్డంతో ఏం పని అని నవ్వుతాడు. నాకు పని ఉంది. ఎందుకో ఈ ఉత్తరం కిందికి చదివితే తెలుస్తుంది.

పాతికేళ్లుగా సింథసైజర్లకు శ్రుతి చూసే దానివి, ఇప్పుడు ఆ ఫంక్షన్ జనరేటర్ ఒక్కటే పట్టుకుని కూర్చున్నావేమని అడిగావు. నిజమే. గొంతు పుట్టించే ఓసిలేటర్లూ, దాన్ని వడగట్టే ఫిల్టర్లూ పక్క బల్ల వీబ్కెకి అప్పగించేశాను. నా బల్ల మీద ఆ నాలుగు ఛానెళ్ల మాడ్యూల్ ఒక్కటే మిగిలింది. దాని సంగతి నీకు తెలియంది కాదు. దానికి సొంత గొంతు లేదు. మిగతా మాడ్యూళ్ల గొంతు ఎంత త్వరగా లేవాలో, ఎంత నెమ్మదిగా అణగాలో చెప్పడమే దాని పని. ఒక నాబ్ ఎక్కడానికి, ఒకటి దిగడానికి. ఛానెల్‌కో లైటు. వోల్టేజి ఎక్కుతుంటే లైటు వెలుగుతుంది, దిగుతుంటే ఆరిపోతుంది. నాలుగు లైట్లూ సవ్యంగా వెలిగి ఆరితే మాడ్యూల్ పాస్. దాన్ని పరీక్షించడానికి కళ్లు చాలు, ఇమ్కే. చెవులు అక్కర్లేదు.

ఇదిగో, అనేశాను. చివర్న చెబుదామనుకున్నది మధ్యలోనే జారిపోయింది.

నాకు వినపడటం లేదు. కుడి చెవి కిందటేడు చలికాలంలోనే పోయింది. ఎడమ చెవిలో లోతు శబ్దాలు కాస్త మిగిలాయి, వాటిమీద పొద్దస్తమానం పొయ్యి మీది కెటిల్ ఈలలాంటి మోత ఒకటి. డాక్టరు చెవి మిషన్ ఇచ్చింది. మనిషి ఎదురుగా నిలబడి మాట్లాడితే దానితో సగం అందుతుంది, మిగతా సగం పెదాలు చూసి పట్టుకుంటాను. సంగీతం మాత్రం రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు ఉంటుంది. పోయింది తిరిగి రాదని ఆవిడ కాగితం మీద రాసి మరీ చూపించింది. అందుకే నీ ఫోన్లు ఎత్తలేదు. పెదాలు కనపడవు కదా. కెమెరాలో చూద్దామంటే బొమ్మ ఒకచోట, మాట ఒకచోట, నాకేమీ అందదు. అందుకే ఉత్తరాలు. "అమ్మమ్మ కాలం చాదస్తం" అని నువ్వు రాస్తే, పోనీలే, చాదస్తమే అనుకోనీ అనుకున్నాను.

ఎందుకు దాచానంటే ఏం చెప్పను. నువ్వు చేసిన ప్రతి పాటా మొదట వినేది నేను. ఫలానా చోట తొందరపడ్డావు, ఫలానా చోట బాస్ స్వరం బురదలా ఉంది అని తిట్టేది నేను. ఆ పని పోతే నీకు నేనెందుకు అనిపించింది. అంతే, వేరే కారణం లేదు.

అందుకే నీ కొత్త క్యాసెట్ వస్తే, "చాలా బాగుంది, మూడో పాట మరీ" అని రాసి పంపాను. దానికి నువ్వు రాసిందేమిటి? "నువ్వు ఎప్పుడూ ఉత్తినే బాగుంది అనవు. మూడోదానిలో ఏముందో గుర్తుపట్టి కూడా ఒక్క మాట అనలేదంటే నా మీద కోపమైనా ఉండాలి, నా పని మీద విరక్తైనా ఉండాలి. ఇక నీకేమీ పంపను." ఆ ఆఖరి మాట చదివే ఉత్తరం సొరుగులో పెట్టేశాను. మూడోదానిలో ఏముందో అప్పటికి నాకు తెలియదు తల్లీ. నిజంగా తెలియదు.

మర్నాడే వర్క్‌షాపులో ఇంకొకటి జరిగింది. నాలుగు ఛానెళ్ల మాడ్యూల్‌కి కొత్త బోర్డు వచ్చింది, మొదటి నమూనా. దానికి కరెంటు అందించే రిబ్బన్ కేబుల్ ఎటుపడితే అటు దూరేస్తుంది, ఇంకా అడ్డు పెట్టలేదు. కేబుల్ అంచున ఎర్ర గీత ఎప్పుడూ కిందికే ఉండాలి. తలకిందులైతే చిప్పులు కాలి చస్తాయి. నా బుర్రంతా నీ ఉత్తరంలో ఉంది. తిప్పి పెట్టాను. స్విచ్ వేశాను. పొగ లేచాక గానీ వెనక్కి తిరగలేదు. వీబ్కె నా వెనకే నిలబడి ఉంది, మొహం ఎర్రగా చేసుకుని.

"ఎంత అరిచానే! ఎర్ర గీత, ఎర్ర గీత అని గొంతు చించుకున్నాను. వినపడలేదా?"

"ఏదో ఆలోచనలో ఉన్నా," అన్నాను.

"పోనీ, అందరికీ ఒకసారి కాలుతుంది," అన్నాడు హోల్గర్. అలా అన్నాడని తర్వాత వీబ్కె చెప్పింది. నాకు గడ్డం కదలడం మాత్రం కనపడింది.

వీబ్కె వెళ్లి కాఫీ తెచ్చుకుంది. నా ఎదురుగా కూర్చుని, కప్పు మూతికి అడ్డం పెట్టుకుని నావైపే చూస్తోంది. కాసేపటికి కప్పు దించింది.

"ఇప్పుడు నేనేమన్నాను గెజీనా?"

"తాగుతున్నావు కదా, ఏమంటావు?"

"ఇల్లు తగలబడుతోంది అన్నాను," అంది. కళ్లు తుడుచుకుంది. "ఎన్నాళ్ల నుంచే? పిచ్చిదానా, ఎన్నాళ్ల నుంచి?"

ఇక దాచేదేముంది, అంతా చెప్పేశాను. నీ క్యాసెట్ సంచిలోంచి తీసి ఆమె చేతిలో పెట్టాను. మూడోదానిలో ఏముందో విని పెట్టవే అని బతిమాలాను. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, టంకం పెడుతూనే వింటోంది. ఒకచోట చెయ్యి ఆగిపోయింది. హెడ్‌ఫోన్లు తీసి, నాకు పెదాలు కనపడేలా ఇటు తిరిగి, మెల్లగా చెప్పింది.

"అంతా ఆగిపోయి నిశ్శబ్దం వస్తుంది. అందులో ఒక ఆడమనిషి గొంతు, ఒక్క మాట. ఎర్ర గీత కిందికి, అని. అది నువ్వే గెజీనా."

నువ్వు ప్రతి కచేరీకీ బయల్దేరేటప్పుడు గుమ్మంలో నిలబడి నేననే మాట. జాగ్రత్తగా వెళ్లిరా అనడానికి బదులు మనింట్లో అదేగా. ఎప్పుడు రికార్డు చేశావో నాకు తెలియనే లేదు. నా గొంతు నువ్వు దాచిపెడితే, నేను బాగుంది అని రాసి పడేశాను. నీకు కోపం రాదూ?

ఆ సాయంత్రం ఒక మాడ్యూల్ ఇంటికి తెచ్చుకున్నాను. టేప్ రికార్డరు నుంచి తీగ లాగి మొదటి ఛానెల్లోకి ఇచ్చాను. ఎక్కే నాబ్ చురుగ్గా, దిగే నాబ్ నెమ్మదిగా పెట్టాను. పాట ఎంత బిగ్గరగా ఉంటే లైటు అంత వెలుగుతుంది. వంటింట్లో దీపం ఆర్పి, పిల్లిని ఒళ్లో పెట్టుకుని నీ మూడో పాట చూశాను. మొదట్లో తొందరపడ్డావు. అది చూసినా తెలుస్తోంది. తర్వాత లైటు పూర్తిగా ఆరిపోయింది. ఎంతసేపో చీకటి. టేప్ తెగిందేమోనని తీగ తీసి మళ్లీ పెట్టి మొదటి నుంచి వేశాను. మళ్లీ అక్కడే ఆరింది. అప్పుడు, ఆ చీకట్లో, చిన్నగా వెలిగి ఆరింది. వెలిగి ఆరింది. ఆఖరుది, కిందికి అనేది, కాస్త ఎక్కువసేపు నిలిచి, మెల్లగా దిగిపోయింది.

అది నేను. ఇంత చిన్నగా అంటానా ఆ మాట?

నీ గొంతు నాకింకా గుర్తుంది, కానీ అది కిందటేటిది. ఇప్పుడు మారిందో లేదో ఇక నాకు తెలిసే దారి లేదు. కోపం తీరితే ఒకసారి రా. గట్టిగా అరవక్కర్లేదు, కిటికీ వైపు మొహం పెట్టి ఎదురుగా కూర్చుంటే చాలు. క్యాసెట్లు పంపడం మానకు.

నీ పాటను మరోసారి వేశాను. ఆ లైటు వెలిగినప్పుడు దానితోపాటు నేనూ పైకి అన్నాను, ఎర్ర గీత కిందికి అని. నాకేమీ వినపడలేదు. ఒళ్లో పిల్లి మాత్రం తలెత్తి, ఎవరు బయల్దేరుతున్నారా అని గుమ్మం వైపు చూసింది.

ఇట్లు,
గుమ్మంలోనే నిలబడి ఉన్న
మీ అమ్మ.