ఇంట్లో కనుబొమలు నిషేధం

తమ్ముడూ యెరెమియాస్, మన యోసినా పరీక్ష నెగ్గిందిరా! ఇక ఈ దీవికి వచ్చేవాళ్ళని నీళ్ళ కిందికి తీసుకెళ్ళి సొరచేపల్నీ తాబేళ్ళనీ చూపించే గైడు మన పిల్లే!

మొదటిసారి ఎందుకు తప్పిందో నీకు చెప్పలేదు, నవ్వుతావని. నీటి అడుగున, జావా దీవి నుంచి వచ్చిన మేష్టారు "బాగున్నావా?" అని సైగ చేసినప్పుడల్లా, ఇది మనందరిలాగే కనుబొమలు ఎగరేసి ఔనని చెప్పిందట. ముఖానికి అంత అద్దం ఉంటే ఆయనకేం కనిపిస్తుంది? "ఈ అమ్మాయి జవాబే ఇవ్వదు" అని పంపేశాడు.

ఈసారీ తప్పితే నీ కొట్లో పనికి సొరాంగ్ పట్నానికి పంపుతానని మాటిచ్చాను కదా, పిల్లని దూరం పంపడానికి మనసొప్పలేదు. అందుకే ఇంట్లో కనుబొమలు నిషేధించాను. నీటి అడుగున ఔననడానికి చేసే సైగలాగా బొటనవేలూ చూపుడువేలూ గుండ్రంగా చుట్టి చూపిస్తేనే సగ్గుపిండి జావ, చేపల పులుసు. మీ వదిన "మతి పోయిందా, ముసలాడా?" అని తిడుతూనే, చర్చిలో పాస్టరుగారు పలకరిస్తే తనూ వేళ్ళు చుట్టి చూపించింది!

నిన్న పరీక్ష జరుగుతుండగా నేను పడవలో కూర్చుని ప్రార్థిస్తుంటే పిల్ల పైకి తేలింది. "నాన్నా, ఇక కనుబొమలు ఎగరేసుకోనా?" అంది. ఏడ్చేశాన్రా.

డోర్కాస్ అక్కకీ, రేవులో ఓబెద్ బావకీ, ఆడపిల్లకి ఈ పనేమిటన్న సలోమినా వదినకీ ఈ పూటే చెప్పు. నీ భార్యకి మాత్రం మెల్లగా చెప్పు. పిల్ల వస్తుందని కొత్త పరుపు కూడా కొన్నదట కదా.