గ్రేస్ ఉన్న దేశం మీదికి

9 నవంబరు 2004, మంగళవారం

నిన్నటిదాకా బ్రిటన్ పక్కన నిలబడ్డ అమెరికా, ఫ్రాన్స్ ఇప్పుడు దాని మీదే బాంబులు వేస్తున్నాయి. మన దేశం కూడా వాళ్లతో కలిసిందని మధ్యాహ్నం టీవీలో చెప్పారు. మా చెల్లి గ్రేస్ లండన్‌లో నర్సు. దాని ఫోను కలవడమే మానేసింది.

సాయంత్రం తమ్ముడు డేవిడ్ విశాఖ నుంచి నేవీ యూనిఫాంలోనే అనకాపల్లి వచ్చాడు.

"రేపే ఓడెక్కాలక్కా. ఎటెళ్తన్నామో సెప్పకూడదు," అన్నాడు.

చెప్పక్కర్లేదు. నాకు తెలుసు. అమ్మకీ తెలుసు.

అమ్మ పూడిమడక రేవు చేపలతో పులుసు పెట్టింది. వాడు అన్నం కలుపుతూనే కూర్చున్నాడు.

"ఆసుపత్రుల మీద బాంబులెయ్యర్లే అమ్మా," అన్నాడు.

"నువ్వేసింది ఎక్కడ పడతాదో నీకు తెలుత్తాదేట్రా?" అంది అమ్మ. వాడు తల వంచుకుని చెయ్యి కడిగేసుకున్నాడు.

వెళ్లేముందు ముగ్గురం మోకరించాం. అమ్మ "ప్రభువా" అని మొదలుపెట్టి ఆగిపోయింది. నా వైపు తిరిగి, "ఏటని అడగనే? ఈడు గెలవాలని అడిగితే అక్కడ గ్రేసు ఏటైపోతాదే?" అంది.

నేను అమ్మ చెయ్యి పట్టుకున్నాను.

డేవిడ్ లేచాడు. బూట్లు వేసుకుని, అమ్మ తల మీద చెయ్యి వేసి, బస్సుకి వెళ్లిపోయాడు. ఆ ప్రార్థనకి ఎవరమూ ఆమెన్ అనలేదు.