నాలుగోది తిరుగుడు

షార్జా,
శుక్రవారం, సెలవు.

మామిడికుదురులో ఉన్న మా లక్ష్మక్కకి తమ్ముడు శ్రీను నమస్కారాలతో రాస్తున్నాను.

నువ్వూ బావగారూ పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. బావగారికి నడుం నొప్పి తగ్గిందా? నా ఒంట్లో బాగానే ఉంది. వేళకి తింటున్నాను, బెంగ పెట్టుకోకు. ఇక్కడి ఎండకి ఇనప తలుపు ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. కంటికి పచ్చన కనపడి ఎన్నాళ్లయిందో. గదిలో అంతా రొట్టెలు తింటారు, నేను మాత్రం అన్నం వండుకుంటున్నాను. ఎవరైనా ఇటు వచ్చేవాళ్లుంటే కాస్త మాగాయ పంపించు.

ఇక పని సంగతి. నేను నడిపే కంప్యూటర్ మిషన్లో ఇనుము చెక్కే కత్తి మూడు దారుల్లో కదులుతుందని ఫోనులో చెప్పాను కదా, కుడిఎడమలకి, ముందువెనకలకి, పైకీ కిందకీ. పోయిన నెల మిషనుకి నాలుగోది బిగించారు. దాంతో మనం చెక్కే ఇనప కడ్డీ కూడా గుండ్రంగా తిరుగుతుంది. ఆ కడ్డీ చుట్టూ నూనె పారడానికి మెలికల గాడి చెక్కాలి. అది నేర్చుకుంటేనే వీసా పొడిగిస్తామని, లేకపోతే గడువు కాగానే టిక్కెట్టు కొని పంపేస్తామని మేనేజరు చెప్పాడు.

నేర్పింది రాజోలు సుబ్బారావు గారు, మా షెడ్డులో పెద్దాయన. "నాలుగోది దిక్కు కాదబ్బాయ్, తిరుగుడు. దాన్ని డిగ్రీల్లో కొలవాలి," అన్నారు. అర్థమైనట్టే అనిపించింది. కానీ నేను కడ్డీని కాస్త తిప్పి, ఆపి, కత్తిని కాస్త జరిపి, మళ్లీ తిప్పాను. గాడి మెట్లుమెట్లుగా వచ్చింది. రెండోసారీ అంతే.

భోజనాల వేళ బయట కూర్చుంటే నువ్వు గుర్తొచ్చావు. మన దొడ్లో పిన్ని రాట్నం తిప్పుతుంటే, నువ్వు ఒళ్లో కొబ్బరి పీచు కట్టుకుని తాడు పేనుతూ వెనక్కి నడిచేదానివి. తొందరపడితే తాడు వదులయ్యేది, ఆగితే మెలిపడి చుట్టుకుపోయేది. "పిన్ని తిప్పుడూ నా నడకా ఒకటవ్వాలిరా," అనేదానివి. పీచు కోసిన నీ వేళ్లు, కాలవలో నానేసిన డొక్కల వాసన, అన్నీ ఒక్కసారి వచ్చి మీద పడ్డాయి. గిన్నె మూసి లేచాను.

లోపలికెళ్లి మిషను కంప్యూటర్లో రెండు కదలికలూ ఒకే వరసలో రాశాను. కడ్డీ ఒక చుట్టు తిరిగేసరికి కత్తి ఇంత దూరం జరగాలి, రెండూ కలిసి మొదలై కలిసి ఆగాలి. ముందు కత్తిని తగలకుండా ఎత్తిపెట్టి నడిపి చూశాను. తర్వాత దించాను. గాడి ఎక్కడా తెగకుండా, నున్నగా చుట్టుకుంటూ పోయింది. సుబ్బారావు గారు దాని మీద గోరు ఆనించి చివరిదాకా చూసి, "ఎవరు చెప్పేరు నీకు?" అన్నారు.

"మా అక్క చెప్పిందండీ," అన్నాను.

ఆయన నవ్వలేదు. "ఆయ్," అని వెళ్లి మేనేజరుని పిలుచుకొచ్చారు.

వీసా రెండేళ్లు పొడిగించారు. అందరూ చెయ్యి కలిపారు, నేనూ నవ్వాను. గదికొచ్చి చెప్పులు విప్పుతుంటే తెలిసిందక్కా, పంపేస్తే బాగుండునని ఇన్నాళ్లూ లోలోపల ఒక ఆశ పెట్టుకున్నానని. ఈ మాట బావగారికి చదివి వినిపించకు. పని మంచిది, మనుషులు మంచివాళ్లు, నాకే లోటూ లేదు.

పిన్నికి నా దణ్ణాలు, బావగారికి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు చెప్పు. పెద్దదానివి, ఇక్కడ నాకు మనసు నిలవాలని దీవించు.

నీ తమ్ముడు,
శ్రీను