వద్దనే చెరువు

2007 జూలై 9
శుక్రవారం ఏలూరులో వర్క్‌షాపు. పీహెచ్‌డీ పిల్లలు ఎవరి పరిశోధన వాళ్లు చెప్పుకోవాలట. మనవరాలు రూతుది చేపల చెరువుని కంప్యూటరులో నడిపే ప్రోగ్రాము. కంప్యూటరు ముందేసుకుని నాకు చదివి వినిపిస్తోంది. మూడో తరగతి దాకా చదివినవాణ్ణి నేను. అయినా అర్థమవుతోంది.

జూలై 10
ఆబ్జెక్టు అంటే వస్తువు. చెరువొకటి. మేత సంచొకటి. దాని సంగతులు దాని కడుపులోనే ఉంటాయి, బయటివాడు వేలు పెట్టకూడదు. కబురు పంపాలి, అంతే. నచ్చింది నాకు.
పొద్దున్న ఏడింటికి మేత కబురు వెళ్తుంది, చెరువు తీసుకుంటుంది. మబ్బు పట్టిన రోజో, అన్నాను. రోజూ వెళ్తుంది తాతయ్యా, అంది.
"చెరువు వద్దంటే?" అన్నాను.
కంప్యూటరు మీంచి చేతులు తీసి నావైపు తిరిగింది.

జూలై 11
చెప్పేశాను... ఇన్నేళ్లూ ఇంట్లో చెప్పనిది. కైకలూరులో చెరువు కాపలా ఉన్న రోజులు. రెండు రోజులుగా ముసురు. నీళ్లలో గాలి చాలక చేప పైకొచ్చి నోరు తెరుస్తోంది. యజమాని వచ్చి మేత కట్టమన్నాడు. అప్పుడు మేత పడితే ఉన్న గాలీ పోతుంది, కట్టకూడదని తెలుసు. తవుడు సంచులకి చిల్లులు పొడిచి కర్రలకి కట్టాను. మర్నాడు పొద్దునకి చచ్చిన చేప చెరువంతా తెల్లగా తేలింది. తప్పు యజమానిదే అన్నారు అందరూ. కట్టిన చేతులు నావి.
రూతు అంతా రాసుకుంది. కంప్యూటరులో తన చెరువుకి, గాలి చాలనప్పుడు మేత వద్దనే హక్కు పెట్టింది.

జూలై 12
రూతు ప్రోగ్రాము మళ్లీ రాస్తోంది. నేను పలకరించలేదు.

జూలై 13
ఏలూరు. వెనక వరస కుర్చీ. ఏసీ చలి.
ఒకబ్బాయి బ్యాంకు గురించి చెప్పాడు, ఒకమ్మాయి ఆసుపత్రి గురించి. కబురు వెళ్లడం, పని అయిపోవడం. ఒక్క వస్తువూ ఎదురు చెప్పదు. తర్వాత రూతు తన వద్దనే చెరువు గురించి చెప్పింది. ముందు వరస కుర్రాడు లేచి, ఈ రూలు ఏ రీసెర్చి పేపర్లో ఉందండీ అన్నాడు. మా తాతయ్య చెప్పారండి, అదుగో అక్కడున్నారు, అంది. హాలంతా నవ్వు. రూతు గైడు సారు నవ్వలేదు, తల దించుకున్నాడు. అదే ఎక్కువ తగిలింది.
లేచాను. ఎవరూ లేవమనలేదు.
"బాబూ, తమరు చేపల చెరువు చూశారా?"
"లేదండి."
"చూసొచ్చి నవ్వండి."
కూర్చున్నాను.

జూలై 14
సారు ఫోను. ఆ భాగం తీసేసి సోమవారం పట్టుకు రమ్మన్నాడు. చెప్పింది చేయనిది ప్రోగ్రామే కాదట. తీయకపోతే థీసిస్ మీద సంతకం పెట్టడట. నాలుగేళ్ల చదువు.
మావాడు — రూతు నాన్న — తీసెయ్యవే, పోయేదేముంది అంటున్నాడు. పోయేదేముందో వాడికేం తెలుసు.

జూలై 15
చర్చి నుంచి వస్తూ అడిగింది. "ఏం చెయ్యమంటావ్ తాతయ్యా?"
"నన్నడక్కు. చెయ్యమన్నది చేసినవాణ్ణి నేను."
ఉంచమనాలని నోటిదాకా వచ్చింది. అంటే నేనూ ఇంకో యజమానినే.

జూలై 16
తాడేపల్లిగూడెం. కాలేజీ వరండా, బల్ల మీద రాస్తున్నాను. రూతు లోపల సారు గదిలో ఉంది. కాగితాల్లో ఆ భాగం ఉంచిందో తీసిందో చెప్పలేదు. నేనూ అడగలేదు.
సారు గొంతు పెద్దదైంది. ప్యూను వచ్చి, గేటు దగ్గర కూర్చోండి పెద్దాయనా, అన్నాడు. ఇక్కడే బాగుందండీ, అన్నాను.
తీస్తావా లేదా, అని సారు అడిగాడు. జవాబు వినపడ్డం లేదు...
తలుపు తియ్యలేదు ఇంకా. నేను లేవను.